పాత ముక్క తెస్తేనే కొత్త ముక్క

మా దుకాణంల గోడకు పన్నెండేండ్ల నుంచి ఒక బోర్డు ఉంది. మొదటి లైను: "పాత ముక్క తెస్తేనే కొత్త ముక్క." రెండో లైను: "ప్యాకెట్ చింపినంక వాపసు లేదు." రెండూ నేను రాయించినవే. పన్నెండేండ్లు జనానికి చదివి వినిపించి, నా చెవుల కాడికి వచ్చేసరికి రెండింటినీ తప్పిన. చెవి మిషన్ కొత్తగ పెట్టుకున్నోళ్లకు పనికొస్తదని కొంత, నా మనసు కుదుటపడతదని కొంత రాస్తున్న. జాలి పడదామని వచ్చినోళ్లు ఇక్కడికే ఆపెయ్యొచ్చు.

నా పేరు జరీనా. భద్రాచలంల బస్టాండు పక్క సందుల మాది కుక్కర్లు, మిక్సీలు, గ్యాస్ పొయ్యిల విడి సామాన్ల దుకాణం. మా ఆయన యాకూబ్ వెనక గదిల రిపేర్లు చేస్తడు. చేతిల స్క్రూడ్రైవర్ ఉంటే ఆయన నోట్ల మాట ఉండదు. గల్లా మీద కూసునేది, బేరం చేసేది నేను. పుట్టింది వైరాల, మా అబ్బా, అంటే నాన్న, నడిపిన గిన్నెల దుకాణంల. స్టీలు బిందెలు పట్టుకొని నడక నేర్చిన మనిషిని. అబ్బా నాకు నేర్పింది ఒకటే: బేరంల ఎదుటి మనిషి మాటను మళ్ల అడగొద్దు. "ఏమన్నరు?" అన్నవంటే నువ్వు తడబడ్డవని తెలిసిపోతది, రేటు అక్కడనే జారుతది. గిరాకీ తన ఆఖరి ధరను గుసగుసగ చెప్తది, పక్కనోళ్లు వినకుండ. ఆ గుసగుసను మొదటిసారే పట్టుకోవాలె. నేను పట్టేదాన్ని. అందుకే ఆ కుర్చీ నాది.

పోయినేడు ఆగస్టు

గోదారి వరద ఎక్కి దిగిన వారం నాకు జ్వరం వచ్చింది. ఐదు రోజులు మంచం మీద ఉన్న. ఆరో రోజు పొద్దున మా ఆయన చాయ్ గ్లాసు పట్టుకొని నిలబడ్డడు. మూతి కదులుతుంది, మాట లేదు. జన్మల మొదటిసారి ఈయన ఇంత సేపు మాట్లాడుతుంటే నాకు వినబడతలేదేంది అనుకున్న. కుడి చెవిల మిక్సీ తిరిగినట్టు ఒకటే రొద. ఎడమ చెవిల మాటలు బిందెల నుంచి వచ్చినట్టు వస్తున్నయి.

దవాఖానకు పోవాలె కదా? పోలే. వరద నీళ్లల్ల మునిగిన మిక్సీలు ఊర్లె అన్ని వాడల నుంచి మా దుకాణానికి వస్తున్నయి. ఏడాదిల గంత గిరాకీ మళ్ల రాదు. జ్వరం వేడికి చెవులు మూసుకున్నయి, అవే తెరుచుకుంటయి అనుకున్న. పన్నెండు రోజులు గట్లనే అనుకున్న.

ఖమ్మంల చెవి డాక్టరు ముందట కూసున్నప్పుడు ఆయన కాగితం మీద రాసిండు: "ఎన్ని రోజులైంది?" నేను చెప్పిన. ఆయన పెన్ను కాగితం మీద ఆగిపోయింది. తర్వాత రాసిన దాంట్ల నాకు అర్థమైంది ఒకటే: మొదటి రోజే వస్తే మందుకు కొంత పని ఉండేది. ఇది చదివేటోళ్లకు ఇక్కడ నా మాట ఒకటి. చెవి ఉన్నట్టుండి మూసుకపోతే ఆ రోజే పోండి. దుకాణం ఎక్కడికి పోదు. మా దుకాణం పోయిందా? అక్కడనే ఉంది.

ఆ దవాఖానల కూసునే చోటు గురించి కూడ చెప్పాలె. చెవులు వినబడనోళ్లు వచ్చే దవాఖానల పేర్లు నోటితోటి పిలుస్తరు! తలుపు సందుల నుంచి ఒకామె తల బయట పెట్టి ఏదో అంటది, మళ్ల లోపలికి పోతది. అందరం ఒకరి మొహాలు ఒకరం చూసుకుంటం. మా ఆయన చాయ్ తాగడానికి పోయిండు. నా పక్కన మధిర నుంచి వచ్చినామె ఒకామె కూసుంది. తన మామను తీసుకొచ్చిందట. నా చీటి అడిగి తీసుకొని పేరు చదువుకుంది. అరగంట తర్వాత నా మోకాలు మీద రెండుసార్లు తట్టి తలుపు చూపించింది. ఆమె పేరు నాకు తెలవదు. గానీ ఆ తట్టుడు నా మోకాలికి ఇంకా యాదికుంది.

అక్టోబరు

మందులు అయిపోయినయి. కుడి చెవి దాదాపు పోయింది, ఎడమది సగం మిగిలింది. మిషన్ పెట్టుకోవాలన్నరు. నేను పెట్టుకోనన్న. చెవి మీద మిషన్ చూస్తే గిరాకీ ఏమనుకుంటది? ఈమెకు వినబడదు, గుసగుస బేరం పెడదాం అనుకుంటది.

అందుకని నేను ఒక తెలివైన ఉపాయం పట్టిన. ఎవరు ఏమన్నా నవ్వుకుంట "అవ్, అవ్" అనుడు. దీంతోటి మూడు వారాలు దుకాణం నడిపిన. నా బతుకుల నేను చేసిన అన్ని బేరాలల్ల గంత బేకారు బేరం ఇంకోటి లేదు.

చర్ల దిక్కు అడవిల ఒక హాస్టల్ల వంట చేసే ముత్తమ్మ వచ్చింది. ఏండ్ల నుంచి మా గిరాకీ. పెద్ద కుక్కర్ మూతకు పెట్టే రబ్బరు చుట్ట, అదే గ్యాస్కెట్, కావాలంది. ఇంకా ఏదో చెప్పింది. నేను "అవ్" అన్న. చేతులతోటి గుండ్రంగ చూపెట్టింది. "అవ్ అవ్" అన్న. పాత ముక్క ఏదీ అని అడగలే. అడిగితే ఆమె ఏదో జవాబు చెప్తది, అది నాకు వినబడదు, మళ్ల అడగాల్సి వస్తది. కొత్తది కట్టి ఇచ్చేసిన.

మూడో రోజు ముత్తమ్మ మళ్ల వచ్చింది. కొట్లాడలే. నేనిచ్చిన కొత్త ముక్క, వాళ్ల పాత ముక్క రెండూ గల్లా మీద పక్కపక్కన పెట్టింది. వాళ్లది మూత లోపలికి పోయే కుక్కర్. నేనిచ్చింది మూత పైన కూసునే కుక్కర్‌ది. లీటర్లు ఒకటే, కొలత వేరు. ఈ తేడా గురించి నేను జనానికి పన్నెండేండ్లు క్లాసులు పీకిన. ముత్తమ్మ నా మొహానికి ఎదురుగ నిలబడి మెల్లగ చెప్పింది, "పిల్లలు ఆ పూట మూడు గంటలకు తిన్నరక్కా. ఆవిరి నిలువలే."

ఆ మాట మొత్తం నాకు వినబడ్డది. వినబడకుంటే బాగుండు అనిపించిన మాట అదొక్కటే.

ఆ సాయంత్రమే మా మరిది రఫీ వచ్చిండు. వాడు చెడ్డోడు కాదు. మొబైల్ దుకాణం పెట్టి ఎత్తేసిండు, చేతికి పని లేదు. నా ఎడమ చెవి దిక్కు తిరిగి గట్టిగ, "భాభీ, నువ్వు ఇంట్ల ఆరాం చేయి. గల్లా నేను చూస్కుంట" అన్నడు. ఎంత ప్రేమగ అన్నడంటే, నా కుర్చీల అప్పటికే కూసోని అన్నడు.

నేను మా ఆయన మొహం చూసిన. ఆయన స్క్రూడ్రైవర్ కింద పెట్టిండు. అది పెట్టిండంటే పెద్ద మాట వస్తదని అర్థం. "మిషన్ పెట్టుకో జరీనా. హాస్టళ్లు తెరిచే జూన్ దాక చూద్దాం. జూన్ గిరాకీల నువ్వే కూసో, గిట్లాంటి తప్పు ఇంకోటి పోతే ఇగ రఫీనే కూసుంటడు."

అప్పటిదాక రఫీ కుర్చీల కూసున్నడు. నాకు పక్కన స్టూల్ ఏసిండ్రు. ఆ స్టూల్ మీద కూసోనే, మిషన్ పెట్టుకుందామని ఒప్పుకున్న. చెవుల కోసం కాదు, కుర్చీ కోసం.

జనవరి

మిషన్ పెట్టే క్లినిక్ ఖమ్మంలనే. అక్కడ స్వప్న అనే అమ్మాయి పరీక్ష చేస్తది, మిషన్ సెట్ చేస్తది. మాట్లాడేటప్పుడు మొహం తిప్పదు, నోటికి చెయ్యి అడ్డం పెట్టదు. రెండు చెవులకు రెండు మిషన్లు అన్నది. నేను జోడీ రేటు అడిగిన.

"చెప్పులా అమ్మా, జోడీ రేటుకు?" అన్నది.

"చెప్పుల కన్న చిన్నగున్నయి కదా. ఇంకా తక్కువ రావాలె."

పగలబడి నవ్వింది. గానీ తగ్గించలే. ఆఖరికి రెండు మూడు బ్యాటరీ అట్టలు ఊరికే ఇచ్చింది. ఊరికే వచ్చిందంటే గెలిచినట్టే. మా లెక్కలు మాకుంటయి.

పెట్టుకున్న మొదటి రోజు సంతోషంతోటి ఏడుస్తరంట కొందరు. నాకు తలనొప్పి వచ్చింది. నా చీర గరగర, బస్సుల సీటు రేకు, మా ఆయన చాయ్ జుర్రుకునే చప్పుడు. ముప్పై ఏండ్ల సంసారంల ఆయన గంత గట్టిగ జుర్రుకుంటడని మర్చిపోయిన. నెల పట్టింది అలవాటు కావడానికి. నెల పడతదని ముందే తెలుసుకుంటే మంచిది, రెండో రోజే తీసి డబ్బల పడెయ్యరు.

స్వప్న నాకు విడి ముక్కలు చూపెట్టింది. చెవి వెనక మిషన్, దానికి సన్న తీగె, తీగె కొసకు చెవిలకు పోయే రబ్బరు టోపీ, టోపీ లోపల గులిమి పోకుండ ఆవగింజంత జాలి, అంటే సన్న జల్లెడ. "కంపెనీ కంపెనీకి ఇవి వేరే ఉంటయి. సైజులు కూడ వేరే. మార్చుకునేటప్పుడు పాతది పట్టుకొని రండమ్మా" అన్నది.

నేను "అవ్" అన్న. ఈసారి వినబడే అన్న. విని కూడ పట్టించుకోలే.

మార్చి నుంచి ఏప్రిల్

మార్చిల కుడి మిషన్ కుయ్ కుయ్ మని కూయడం మొదలుపెట్టింది. కుక్కర్ విజిల్ వేస్తే అన్నం ఉడికినట్టు. చెవి మిషన్ విజిల్ వేస్తే ఎక్కడో సందు ఉండి చప్పుడు బయటికి కారినట్టు. ఇది నా విద్యనే కదా! సందు ఉంటే ఏం చేయాలె? బిగుతు రబ్బరు పెట్టాలె. దీనికి ఖమ్మం దాక మూడు గంటల బస్సు ఎందుకు?

ఫోన్ల చూసిన. "అన్ని మిషన్లకు సరిపోతయి" అని రాసి టోపీలు, జాలీలు అమ్ముతున్నరు. "అన్నిటికీ సరిపోతది" అనే మాట మా సందుల ఎవడన్నా అంటే నేను నవ్వి పంపిస్త. అన్నిటికీ సరిపోయేది దేనికీ సరిపోదని నాకు తెలుసు. గానీ డజను తీసుకుంటే రేటు బాగుంది. పెద్ద సైజు టోపీలు డజను, జాలీలు డజను తెప్పించిన.

టోపీ తీగె కొసకు ఎక్కింది. కొంచెం వదులుగుంది, ఫరవా లేదనుకున్న. చెవిలకు మాత్రం బిర్రుగ కూసుంది. కూత ఆగింది. దాంతోపాటు నా గొంతు నాకే బావిల నుంచి అరిచినట్టు, బుక్క నమిలితే రోట్ల దంచినట్టు వినబడ్డది. అయినా గెలిచిన అనుకున్న. సాయంత్రం తీగె పట్టి లాగితే మిషన్ వచ్చింది, టోపీ రాలే. చెవిల ఉండిపోయింది.

మా ఆయన టార్చి పట్టిండు. చేతిల ఇంకేదో మెరిసింది. చూస్తే మిక్సీలు విప్పే సన్న పట్టకారు.

"అది నా చెవి, మిక్సీ కాదు" అన్న.

"మిక్సీ అయితే ఈపాటికి వచ్చేది" అన్నడు. ఏడాదిల ఆయన వేసిన జోకు అదొక్కటే.

మా ఊరి చెవి డాక్టరు రెండు నిమిషాలల్ల తీసి నా అరచేతిల పెట్టిండు. ఇంట్ల ఎవరూ కెలకొద్దు, ఇంకా లోపలికి పోతది అన్నడు. జాలీల సంగతి ఇంకా సులువు. డజనుల ఒక్కటి కూడ నా మిషన్‌ల కూసోలే.

ఇక బ్యాటరీలు. ఇది రాయొద్దనుకున్న. గానీ నన్ను చూసి ఒకరన్నా బాగుపడితే నా పరువు పోయినా మంచిదే. బ్యాటరీలు క్లినిక్‌లనే పది అట్టలు ఒక్కసారి తీసుకున్న, బేరం చేసి. అట్టకు ఆరు. చెమ్మకు పాడవుతయని, జాగా కలిసొస్తదని, అట్టలు చింపి అరవై బ్యాటరీలను ఒక స్టీలు డబ్బల పోసిన. ఒక్కొక్కదానికి గోధుమ రంగు స్టిక్కర్ ఉంది. దుమ్ము పడతదేమోనని వేసిండ్రు, ఇప్పుడు డబ్బ ఉంది కదా అనుకొని ఆ స్టిక్కర్లన్నీ పీకిన. మా దుకాణంల విజిళ్లు గట్లనే సర్దుత. ఒక మధ్యాహ్నమంతా కూసోని అరవై స్టిక్కర్లు పీకిన. గోళ్లు నొచ్చినయి.

నెల తిరగకముందే ఏ బ్యాటరీ వేసినా పూట కూడ రాకపాయె. డూప్లికేటు సరుకు అంటగట్టిందని నాకు కోపం వచ్చింది. డబ్బ సంకల పెట్టుకొని బస్సెక్కిన. ఇల్లందు దాక ఏమేమి తిట్టాలో అనుకున్న, అక్కడి నుంచి ఖమ్మం దాక వాటిని వరుసగ పెట్టుకున్న.

స్వప్న డబ్బ మూత తీసి చూసింది.

"అన్నిటి స్టిక్కర్లు పీకిండ్రా అమ్మా?"

"అవ్. నువ్విచ్చిందే నకిలీ సరుకు, స్టిక్కర్ ఉంటే ఏంది, లేకుంటే ఏంది?"

"ఈ సెల్లు గాలి తగిలితేనే పని మొదలుపెడతది. స్టిక్కర్ పీకిన నిమిషం నుంచి దాని ఆయుష్షు నడుస్తది, మిషన్‌ల పెట్టినా పెట్టకున్నా. మళ్ల అంటించినా ఆగది. పెట్టుకునే ముందట ఒక్కటే పీకాలె."

అరవై బ్యాటరీలు ఒక్క మధ్యాహ్నంల పుట్టించి, డబ్బల పెట్టి ముసలివాటిని చేసిన. నా దగ్గర ఆఖరి ఆయుధం మిగిలింది.

"సరే, సగమన్నా వాపసు తీసుకో."

స్వప్న గల్లా వెనక కాగితం దిక్కు చూపెట్టింది. అచ్చు అక్షరాలు: "తెరిచిన బ్యాటరీలు వాపసు తీసుకోబడవు."

నా బోర్డే. నా మాటనే. ఎవరో దొంగిలించి ఇక్కడ పెట్టినట్టు అనిపించింది. నవ్వు ఆగలే. ఆ అమ్మాయి బిత్తరపోయింది. నవ్వి నవ్వి కండ్లనీళ్లు వచ్చినయి. అప్పుడు కొంత ఏడిచిన కూడ, అది వేరే సంగతి.

తర్వాత కుడి తీగె, టోపీ తీసి ఆమె ముందట పెట్టిన. "పాత ముక్క తెచ్చిన. దీనికి సరిపోయేది చూపెట్టు" అన్న. చెవి కొలత చూసింది. నాకు పెద్దది కాదు, నడిమి సైజు, తూట్లు లేని టోపీ కావాలె. నా కంపెనీ జాలీలు ఏ రంగు పెట్టెల వస్తయో చూపెట్టింది. మిషన్ మూగబోతే వరుస చెప్పింది: ముందు బ్యాటరీ, తర్వాత జాలి, ఆ తర్వాత టోపీ. అవన్నీ సరిగున్నా పలకకుంటే అప్పుడు బస్సెక్కాలె. రాత్రి పెట్టుకునే డబ్బల చెమ్మ పీల్చే గుళికలు వేయమంది. మిక్సీ డబ్బలల్ల వచ్చే పొట్లాలు వేస్తున్న అంటే, "అవి ఎన్నేండ్ల నుంచి పీల్చుతున్నయో, ఇంకేం పీల్చుతయి అమ్మా" అన్నది. అదీ నిజమే. కొత్తవి కొన్న. బేరం చేయలే. అబ్బా పైనుంచి చూసి ఉంటే బాధపడేటోడు.

తిరిగి వచ్చేటప్పుడు బస్సుల ఒక సంగతి తట్టింది. ముత్తమ్మకు తప్పు ముక్క ఇచ్చింది నా చెవులు కాదు. చెవులు లేకున్నా పాత ముక్క గల్లా మీద పెట్టించి కండ్లతోటి చూడొచ్చు. నేను అడగలే, అంతే. వినడం పోయింది, నిజం. గానీ అడగడం నేనే పోగొట్టుకున్న. పోయిన దాన్ని తేలేను. పోగొట్టుకున్నదాన్ని తెచ్చుకుంట.

జూన్

హాస్టళ్లు తెరిచే వారం. పినపాక నుంచి, దుమ్ముగూడెం నుంచి, చర్ల దిక్కు నుంచి వంటోళ్లంతా ఒక్కసారి వచ్చిండ్రు. పాత గ్యాస్కెట్లు గాజుల లెక్క చేతులకు వేసుకొని వస్తరు వాళ్లు. మాట ప్రకారం పొద్దున్నే నేను కుర్చీల కూసున్న. కొప్పు పైకి కట్టిన, మిషన్లు రెండూ కనబడాలని. రఫీ స్టూల్ మీద. వాడి కండ్లు నా చెవుల మీద.

పదకొండు గంటలకు గుంపుల ముత్తమ్మ కనబడ్డది. నోరు తెరవకముందే పాత ముక్క ఎత్తి చూపెట్టింది. సరిగ్గా అప్పుడే ఎడమ మిషన్ గొంతు పడిపోయింది, కుడి చెవిల మిగిలింది ఒట్టి రొదనే. ఎదుట పదిమంది మూతులు కదులుతున్నయి. "అవ్" అనే మాట నాలిక కొసకు వచ్చింది.

మింగేసిన. చెయ్యెత్తి, "ఆగండి. నా మిషన్ మూగబోయింది. బాగు చేసుకొని వింట" అన్న.

రఫీ లేచిండు. "భాభీ, నువ్వు లే, నేను చూస్కుంట!"

"కూసో."

మిషన్ తీసి గల్లా మీద అందరి ముందట పెట్టిన. బ్యాటరీ మార్చిన, ఒక్క స్టిక్కరే పీకి. పలకలే. జాలి చూసిన, గులిమితోటి మూసుకపోయి ఉంది. గల్లా పెట్టెల నుంచి కొత్త జాలి తీసి పాతదాని పక్కన పెట్టి చూసి, సరే అనుకొని ఎక్కించిన. వంటోళ్లంతా మెడలు చాపి చూస్తున్నరు, కుక్కర్ బాగు చేస్తే ఎట్ల చూస్తరో గట్లనే. చెవికి పెట్టుకోంగనే ముందుగ ముత్తమ్మ గొంతు వినబడ్డది.

"దానికి కూడ పాత ముక్క తెస్తేనే ఇస్తరా అక్కా?"

అందరూ నవ్విండ్రు. నేను కూడ.

ఇంతల పక్కన రఫీ పినపాకామెకు గ్యాస్కెట్ కడుతున్నడు. ఆమె లీటర్లు చెప్పింది, వాడు ఫోన్ల ఫొటో చూసి తీసిండు. ఆమె పాత ముక్క ఆమె మోచేతి దాక ఎక్కి ఉంది, దాని మొహం ఎవరూ చూడలే. దూరం నుంచే నాకు దాని మందం కనబడ్డది.

"రఫీ, ఆగు. అమ్మా, నీ చేతిది తియ్యి."

రెండూ పక్కపక్కన పెట్టిన. లీటర్లు ఒకటే, కొలత వేరు. వాడి చెవులు రెండూ శుభ్రంగ పనిచేస్తున్నయి. వాడిచ్చింది తప్పు, నేనిచ్చింది సరి. వెనక గది గుమ్మంల మా ఆయన నిలబడి ఉన్నడు, చేతిల స్క్రూడ్రైవర్ లేకుండ.

ముత్తమ్మ వంగి గుసగుసగ ఏదో ధర అన్నది. పాత అలవాటు.

"ముత్తమ్మా, గుసగుస బేరం బంద్. నా మొహం చూసి గట్టిగ అను" అన్న.

గట్టిగ అన్నది. అడవి దాక వినబడేటట్టు అన్నది. మిగిలిన పదిమంది మాకు కూడ అదే ధర అన్నరు. ఆ రోజు బేరంల నేను ఘోరంగ ఓడిన. ఓడిన ప్రతి మాట విని ఓడిన.

గిరాకీ సద్దుమణిగినంక రఫీ నా ఎడమ దిక్కు వచ్చి నిలబడ్డడు. నేల చూసుకుంట, నోట్ల నోట్లనే అన్నడు, "గల్లా నువ్వే చూస్కో భాభీ."

అక్షరం పొల్లు పోకుండ వినబడ్డది. ఎదురుగ ఇంకా నలుగురు గిరాకీ ఉన్నరు. పది నెలలు అడగడానికి నోరు రాని మాట నోట్లెకు వచ్చింది. కుర్చీల వెనక్కి వాలి వాని మొహంలకు చూసిన.

"మళ్ల చెప్పు" అన్న.